పెద్దవయసు క్రీడాకారుల పోటీలలో న్యాయమైన కార్యక్రమ పట్టిక: సీనియర్ సాఫ్ట్‌బాల్ అనుభవం – చాట్రాయి నేపథ్యం

వ్యాససంగ్రహం:
క్రీడాపోటీల నిర్వహణలో కార్యక్రమ పట్టిక తయారీని చాలామంది గుమాస్తా పనిగా భావిస్తారు. కాని ఏ జట్టు ఎన్ని ఆటలు ఆడాలి, ఎవరికి ఎంత విశ్రాంతి దక్కాలి, ఎవరు ఎండవేళ మైదానంలో నిలవాలి అనే విషయాలను నిర్ణయించేది ఆ పట్టికే. యాభై ఏళ్ళు దాటినవారి పోటీలలో ఈ నిర్ణయాల ప్రభావం విజేత ఎంపికతో ఆగదు. అది ఆటగాళ్ళ దేహారోగ్యం మీదా గౌరవం మీదా పడుతుంది. అమెరికాలో స్థిరపడిన సీనియర్ సాఫ్ట్‌బాల్ పద్ధతులనూ, తెలుగునాట పశుపోటీలలోనూ ప్రభుత్వ క్రీడోత్సవాలలోనూ కనిపించే వయోనిబంధనలనూ, 2012 లండన్ ఒలింపిక్స్‌లో భారత జోడీ ఎదుర్కొన్న పరిస్థితినీ పరిశీలించి, చాట్రాయి వంటి మండల కేంద్రంలో ఎనిమిది జట్ల పోటీకి పనికివచ్చే ఒక నమూనా పట్టికను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: కార్యక్రమ పట్టిక, నాకౌట్, లీగ్, వయోవిభాగం, విశ్రాంతి, సమాన విజయాలు, చాట్రాయి.

1. ఉపోద్ఘాతం:
చాట్రాయి ఏలూరు జిల్లా నూజివీడు రెవెన్యూ డివిజన్‌లోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న ఈ మెట్టప్రాంతంలో మామిడితోటలే జనజీవనానికి కాలమానం. పూత, పిందె, కోత అన్న మూడు దశలను బట్టి పెళ్ళిళ్ళూ, ప్రయాణాలూ, ఆటలూ కుదురుతాయి.

ఇటువంటి ప్రాంతాలలో పదవీవిరమణ పొందిన ఉపాధ్యాయులు, వ్యవసాయదారులు, ఉద్యోగులు ఉదయపు నడకతో ఆగకుండా వాలీబాల్, షటిల్, బాల్ బ్యాడ్మింటన్ ఆడడం తెలిసినదే. కళాశాలలలో అధ్యాపకుల మధ్య జరిగే పోటీలూ ఈ కోవలోనివే. అయితే పోటీ నిర్వహించవలసి వచ్చినప్పుడు, ఇరవై ఏళ్ళ యువకుల కోసం ఏర్పడిన నాకౌట్ పద్ధతినే పెద్దవారికీ వర్తింపజేస్తుంటారు. పదిహేను కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన జట్టు ముప్పావుగంట ఆడి ఓడి, మధ్యాహ్నం కాకముందే ఇంటిముఖం పట్టవలసి వస్తుంది. గెలిచిన జట్టు ఒకేరోజు మూడు ఆటలు ఆడి కండరాలు పట్టేసిన స్థితిలో బహుమతి అందుకుంటుంది. రెండు సందర్భాలలోనూ లోపం పట్టికదే.

పెద్దవయసువారి పోటీలలో న్యాయం అంటే మొదట సమానమైన ఆటలు, చాలినంత విశ్రాంతి. ఆ తరువాతనే విజేతను కచ్చితంగా నిర్ణయించడం. ఈ క్రమం పాటించినప్పుడు పట్టిక ఎలా మారుతుందో చూపడమే ఈ వ్యాస లక్ష్యం.

2. 'సీనియర్' పదం – రెండు అర్థాలు:
చర్చకు ముందు పరిభాషను స్పష్టం చేసుకోవాలి. భారతీయ క్రీడాసమాఖ్యల వాడుకలో సబ్‌జూనియర్, జూనియర్ విభాగాల తరువాతి వయోజన విభాగమే 'సీనియర్'. సీనియర్ జాతీయ పోటీలంటే దేశంలోని అత్యుత్తమ క్రీడాకారులు పాల్గొనేవి. అమెరికా సాఫ్ట్‌బాల్ వ్యవహారంలో ఇదే పదం ప్రధానంగా యాభై దాటినవారిని సూచిస్తుంది. ఆ అర్థంలో మనం 'వెటరన్', 'మాస్టర్స్' అనే మాటలు వాడుతున్నాం. ఈ వ్యాసంలో 'పెద్దవయసువారు' అన్నది రెండవ అర్థాన్నే తెలుపుతుంది.

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగో నగరంలో పుట్టింది. బేస్‌బాల్ కంటే పెద్ద బంతి, చిన్న మైదానం, భుజం కిందినుంచి బంతి విసిరే పద్ధతి దీని ప్రత్యేకతలు. బంతిని నెమ్మదిగా, వంపుగా విసిరే రూపం వయసు మళ్ళినవారికి అనుకూలించింది. ఫ్లోరిడా రాష్ట్రంలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1930లోనే డెబ్బై అయిదేళ్ళు దాటినవారి కోసం 'కిడ్స్ అండ్ కబ్స్' అనే క్లబ్బు ఏర్పడింది. సభ్యులే రెండు జట్లుగా విడిపోయి తమలో తాము ఆడుకోవడం వారి పద్ధతి. తరువాతి కాలంలో, 1988లో ఏర్పడిన సీనియర్ సాఫ్ట్‌బాల్ యూఎస్ఏ వంటి సంస్థలు దేశవ్యాప్త పోటీలు నిర్వహిస్తూ వయోవిభాగాలను, సామర్థ్య శ్రేణులను నియమబద్ధం చేశాయి. చాట్రాయి ప్రాంతంలో సాఫ్ట్‌బాల్ ప్రధానక్రీడ కాదు. అయినా పెద్దవారికి పోటీ పెట్టేవారు ఎదుర్కొనే సమస్యలు ఏ ఆటలోనైనా ఒక్కటే కనుక, అక్కడి పరిష్కారాలు ఇక్కడి వాలీబాల్ కోర్టుకూ పనికివస్తాయి.

3. వయోవిభాగాలు – ఎడ్ల పళ్ళు, మనుషుల పత్రాలు:
తెలుగునాట వయసును బట్టి పోటీదారులను వర్గీకరించే సంప్రదాయం కొత్తది కాదు. సంక్రాంతికి, తిరునాళ్ళకు జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు అందుకు మంచి ఉదాహరణ. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్ అంటూ విభాగాలు ఏర్పరుస్తారు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఒక విభాగంలోని అన్ని జతలూ అదే బండను, అదే నిర్ణీత సమయంలో లాగుతాయి; ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది. ఏ జతా మరొక జత చేతిలో ఓడి ముందే నిష్క్రమించదు. వచ్చిన ప్రతి జతకూ పూర్తి సమయం దక్కుతుంది. పోటీనిర్మాణ దృష్టితో చూస్తే ఇది నాకౌట్ కంటే ఎంతో ఉదారమైన రూపం.

మనుషుల పోటీలలో ఇంత సూక్ష్మత తరచుగా కనిపించదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 డిసెంబరు 26న ప్రారంభించిన 'ఆడుదాం ఆంధ్ర' క్రీడోత్సవం గ్రామ, వార్డు సచివాలయ స్థాయి నుంచి మండల, నియోజకవర్గ, జిల్లా స్థాయుల మీదుగా సాగి 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో రాష్ట్రస్థాయి పోటీలతో ముగిసింది. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్ అందులో ప్రధాన పోటీలు. పదిహేనేళ్ళు పైబడిన స్త్రీపురుషులందరికీ ప్రవేశం కల్పించడం దాని విశాలతకు నిదర్శనం. కాని కనీస వయసు ఒక్కటే నిబంధనగా ఉన్న ఏ పోటీలోనైనా యాభై అయిదేళ్ళ వ్యక్తికి ప్రవేశార్హత ఉంటుంది తప్ప సమానావకాశం ఉండదు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించేది వయోవిభాగమే.

అమెరికా సీనియర్ సాఫ్ట్‌బాల్‌లో 50, 55, 60, 65, 70 ఇలా అయిదేళ్ళకొక విభాగం ఉంటుంది. జట్లు తక్కువగా ఉండే మండలస్థాయిలో ఇంత విభజన సాధ్యం కాదు. యాభై దాటినవారికి ఒకటి, అరవై దాటినవారికి ఒకటి చొప్పున రెండు విభాగాలు ఆచరణీయం. జట్లు మరీ తక్కువైతే, ఒకే విభాగంలో ఉంచి, మైదానంలో ఉన్న ఆరుగురి వయసుల మొత్తం ఒక నిర్ణీత సంఖ్యకు తగ్గకూడదనే నిబంధన పెట్టవచ్చు. అప్పుడు అరవై అయిదేళ్ళ ఆటగాడు జట్టుకు భారం కాడు; అతడి వయసే జట్టుకు వెసులుబాటు అవుతుంది.

వయోనిర్ధారణలో ఒక చిక్కు ఉంది. ఎద్దు వయసు పళ్ళు చూసి చెప్పవచ్చు; మనిషి వయసుకు పత్రం కావాలి. పాతతరం గ్రామీణులలో ఎంతోమందికి బడిలో చేర్చిననాడు ఉపాధ్యాయుడు అంచనాగా వేసిన తేదీయే అధికారిక జన్మదినమైంది. కనుక ఏ పత్రాన్ని ప్రమాణంగా తీసుకుంటారో, ఏ తేదీ నాటికి వయసు లెక్కిస్తారో ముందే ప్రకటించి, అందరికీ ఒకే కొలత వాడడం అవసరం. ఆ పత్రం నిజవయసును కచ్చితంగా చెప్పకపోయినా, అభ్యంతరం వచ్చినప్పుడు అందరికీ ఒకే సమాధానం ఇవ్వడానికి ఉపకరిస్తుంది.

4. పోటీ రూపాలు – ఎనిమిది జట్ల లెక్క:
ఎనిమిది జట్లు వచ్చాయనుకుందాం. ప్రచారంలో ఉన్న రూపాలను పోల్చి చూస్తే ఇలా ఉంటుంది.

అ) నాకౌట్: మొత్తం 7 ఆటలు. నాలుగు జట్లు ఒక్క ఆటతో, రెండు జట్లు రెండు ఆటలతో నిష్క్రమిస్తాయి. తుదిపోరుకు చేరిన రెండు జట్లకే మూడేసి ఆటలు దక్కుతాయి.

ఆ) డబుల్ నాకౌట్: రెండుసార్లు ఓడినవారే నిష్క్రమిస్తారు. మొత్తం 14 లేదా 15 ఆటలు. తొలి ఆటలో ఓడిన జట్టు విజేత కావాలంటే మొత్తం 7 ఆటలు ఆడాలి. యువకులకు ఇది సాహసం. అరవై దాటినవారికి ఇది ప్రమాదం.

ఇ) పూర్తి లీగ్: ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఆడుతుంది. మొత్తం 28 ఆటలు, జట్టుకు 7. విజేత నిర్ణయానికి ఇదే అత్యంత నమ్మదగిన రూపం.

ఈ) రెండు గ్రూపులు, సెమీఫైనళ్ళు: నాలుగేసి జట్ల గ్రూపులలో 12 ఆటలు, రెండు సెమీఫైనళ్ళు, మూడవ స్థానపు ఆట, తుదిపోరు కలిపి 16. నాలుగు జట్లకు అయిదేసి, నాలుగు జట్లకు మూడేసి ఆటలు.

ఉ) రెండు గ్రూపులు, స్థాననిర్ణయ ఆటలు: గ్రూపు ఆటలు 12. తరువాత రెండు గ్రూపుల ప్రథములు తుదిపోరులోను, ద్వితీయులు మూడవ స్థానానికి, తృతీయులు అయిదవ స్థానానికి, చతుర్థులు ఏడవ స్థానానికి తలపడతారు. మొత్తం 16. ప్రతి జట్టుకూ సరిగ్గా నాలుగు ఆటలు.

మైదానం ఎంత సమయాన్ని అనుమతిస్తుందనే ప్రశ్న ఒక్కటే వేసుకుంటే పూర్తి లీగ్ కూడా సాధ్యమే. రెండు కోర్టులలో రోజుకు ఏడేసి గంటల చొప్పున, గంటకొక ఆటగా నడిపితే రెండు రోజులలో 28 ఆటలు పూర్తవుతాయి. అయితే ఒక్కొక్క జట్టు రోజుకు మూడు నాలుగు ఆటలు ఆడవలసి వస్తుంది. లెక్క మైదానానికి సరిపోయినా దేహానికి సరిపోదు. వయసు పెరిగేకొద్దీ శ్రమ తరువాత కండరాలు కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. దాహం తెలియడం తగ్గుతుంది. చెమట ద్వారా శరీరం చల్లబడే శక్తి క్షీణిస్తుంది. కనుక పెద్దవారికి రోజుకు రెండు ఆటల పరిమితి సమంజసం.

ఈ పరిమితి పెట్టగానే (ఈ), (ఉ) రూపాల మధ్య భేదం తేటపడుతుంది. రెండింటిలోనూ ఆటల సంఖ్య 16. ఖర్చు, సమయం, నిర్ణేతల శ్రమ సమానం. మొదటిదానిలో బలమైన జట్ల మీద అయిదు ఆటల భారం పడి, ఒకరోజున మూడు ఆటలు తప్పవు. రెండవదానిలో అదే 16 ఆటలు అందరికీ సమానంగా పంపిణీ అవుతాయి.

(ఉ) రూపానికి మూల్యం లేకపోలేదు. ఒక గ్రూపులో రెండవ స్థానం పొందిన జట్టు ఎంత బలమైనదైనా తుదిపోరుకు చేరలేదు. ఈ లోపాన్ని తగ్గించాలంటే గ్రూపుల బలం సమానంగా ఉండాలి. గత ఏడాది ఫలితాలు ఉంటే 1, 4, 5, 8 స్థానాల జట్లను ఒక గ్రూపులోను 2, 3, 6, 7 స్థానాల జట్లను మరొక గ్రూపులోను ఉంచడం ప్రసిద్ధమైన పద్ధతి. తొలిసారి జరిగే పోటీ అయితే అందరి సమక్షంలో చీటీలు తీయడమే మార్గం.

5. ఋతువు – మొదటి నిర్ణయం:
పోటీరూపం కంటే ముందు తేదీల ఎంపికే న్యాయాన్ని ప్రభావితం చేస్తుంది. నూజివీడు ప్రాంతంలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు మామిడికోత సాగుతుంది. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు రకాలు ఒకదాని వెనుక ఒకటిగా పక్వానికి వస్తాయి. తెల్లవారుజామున కోత, పగలు గ్రేడింగు, సాయంత్రం లారీలకెత్తి నున్న మార్కెట్టుకో ఇతర రాష్ట్రాలకో పంపడం ఆ రోజుల దినచర్య. పాఠశాలలకు సెలవులన్న కారణంతో మే నెలలో పోటీ పెడితే తోటలున్న రైతులు రాలేరు. ఉద్యోగవిరమణ చేసినవారే వస్తారు. ప్రకటనలో అందరికీ ఆహ్వానమున్నా, తేదీయే ఒక వర్గాన్ని నిశ్శబ్దంగా తొలగిస్తుంది. దానికి తోడు మే నెల ఎండ పెద్దవయసువారికి ప్రాణాంతకం కాగలదు.

జనవరిలో పరిస్థితి భిన్నం. సంక్రాంతి సెలవులు, చల్లని గాలి, ఊరికి తిరిగివచ్చిన బంధువర్గం పోటీకి అనుకూలిస్తాయి. మామిడిపూత సంరక్షణకు మందుల పిచికారీ జరిగే కాలమే అయినా, కోతకాలమంతటి ఒత్తిడి ఉండదు. అందువల్ల ఈ ప్రాంతంలో పెద్దవారి పోటీకి జనవరి తగిన నెల.

6. నమూనా పట్టిక:
చాట్రాయి వంటి చోట ఒక ఉన్నత పాఠశాల మైదానంలో రెండు వాలీబాల్ కోర్టులు, ఎనిమిది జట్లు, రెండు రోజులు అనే ఊహాత్మక పరిస్థితిని తీసుకుందాం. సన్నాహంతో కలిపి ఒక్కొక్క ఆటకు గంట కేటాయిద్దాం. రోజుకు రెండు రౌండ్లు: ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. ఉదయం 7 గంటలకు, 8 గంటలకు. సాయంత్రం 3:30కు, 4:30కు ఆటలు ప్రారంభమవుతాయి. ఎండ ముదిరే వేళలో మైదానం ఖాళీగా ఉంటుంది.

6.1 కోర్టుకొక గ్రూపు – ఒక చిక్కు:
నిర్వాహకులకు మొదట తోచే ఏర్పాటు 'క' గ్రూపుకు ఒక కోర్టు, 'చ' గ్రూపుకు మరొక కోర్టు. అప్పుడు ప్రతి రౌండులోనూ గ్రూపులోని రెండు ఆటలలో ఒకటి ముందు, ఒకటి తరువాత జరుగుతాయి. మూడు రౌండ్లలో ఎవరికీ ఎప్పుడూ మొదటి వేళే రాకుండా, ఎవరికీ ఎప్పుడూ రెండవ వేళే రాకుండా సర్దగలమా? సర్దలేము.

జట్లను 1, 2, 3, 4 అనుకుంటే రౌండ్లు ఇవి: మొదటిది 1–4, 2–3, రెండవది 1–3, 2–4, మూడవది 1–2, 3–4. మొదటి రౌండులో 1–4 ముందు జరిగిందనుకుందాం. రెండవ, మూడవ రౌండ్లలో ఏది ముందు జరగాలో ఎంచుకోవడానికి నాలుగు మార్గాలున్నాయి:

1–4, 1–3, 1–2 ముందైతే 1వ జట్టుకు ఎప్పుడూ మొదటి వేళే.
1–4, 1–3, 3–4 ముందైతే 2వ జట్టుకు ఎప్పుడూ రెండవ వేళే.
1–4, 2–4, 1–2 ముందైతే 3వ జట్టుకు ఎప్పుడూ రెండవ వేళే.
1–4, 2–4, 3–4 ముందైతే 4వ జట్టుకు ఎప్పుడూ మొదటి వేళే.

మొదటి రౌండులో 2–3 ముందు జరిగినా ఇదే ఫలితం వస్తుంది. మొత్తం ఎనిమిది అమరికలలో ఒక్కటీ సమానం కాదు. ఇక్కడ నిర్వాహకుడి పక్షపాతమేమీ లేదు. ఆ ఏర్పాటు స్వభావమే అంత. ఈ సంగతి తెలియకపోతే, ఎప్పుడూ ఒకే వేళ పడిన జట్టు అనుమానించడం సహజం.

6.2 రెండు కోర్టులలో ఒకే గ్రూపు:
పరిష్కారం సులభం. ఒక గ్రూపులోని రెండు ఆటలను రెండు కోర్టులలో ఏకకాలంలో నడపాలి.

మొదటి రోజు ఉదయం 7:00 – 'క' గ్రూపు రెండు ఆటలు. 8:00 – 'చ' గ్రూపు రెండు ఆటలు.
మొదటి రోజు సాయంత్రం 3:30 – 'క' గ్రూపు. 4:30 – 'చ' గ్రూపు.
రెండవ రోజు ఉదయం 7:00 – 'క' గ్రూపు. 8:00 – 'చ' గ్రూపు.
రెండవ రోజు సాయంత్రం 3:30 – ఏడవ, అయిదవ స్థానాల ఆటలు. 4:30 – మూడవ స్థానపు ఆట, తుదిపోరు.

ఈ అమరికలో గ్రూపులోని నాలుగు జట్లూ ఒకేసారి ఆడతాయి, ఒకేసారి విశ్రమిస్తాయి. మొదటి రోజు ఉదయానికి, సాయంత్రానికి మధ్య రెండు గ్రూపులకూ ఏడున్నర గంటల విరామం. రాత్రి విరామం రెండింటికీ పద్నాలుగున్నర గంటలు. చివరి సాయంత్రం మాత్రమే 'క' జట్లకు ఒక గంట ఎక్కువ విశ్రాంతి లభిస్తుంది; ఆరు గంటలు దాటిన విరామంలో ఆ తేడా స్వల్పం.

'క' గ్రూపుకు ఎప్పుడూ మొదటి వేళే కేటాయించడం అన్యాయం కాదా అన్న సందేహం రావచ్చు. సాయంత్రం క్రమాన్ని తిప్పితే విరామాలు ఒక గ్రూపుకు ఎనిమిదిన్నర, మరొకదానికి ఆరున్నర గంటలవుతాయి. సరిచేయబోయి కొత్త అసమానతను తెచ్చినట్లవుతుంది. పైగా ఉదయం మొదటి వేళ చల్లగాను, సాయంత్రం మొదటి వేళ వేడిగాను ఉంటాయి. 'క' జట్లు చల్లని ఉదయాన్ని, వేడి సాయంత్రాన్ని పొందితే, 'చ' జట్లు దానికి విపర్యయంగా పొందుతాయి. క్రమాన్ని మార్చకపోవడమే ఎండను కూడా సమంగా పంచుతుంది.

7. సమాన విజయాలు – లండన్ పాఠం:
నాలుగు జట్ల గ్రూపులో ఆరు ఆటలకు 64 ఫలితక్రమాలు సాధ్యం. జట్లన్నీ సమబలం కలవని భావిస్తే, 32 క్రమాలలో ప్రథమస్థానం ఒక్క జట్టుకే స్పష్టంగా దక్కుతుంది. 24 క్రమాలలో రెండు జట్లు రెండేసి విజయాలతో సమానమవుతాయి. వాటి ముఖాముఖి ఫలితం సమస్యను తీరుస్తుంది. మిగిలిన 8 క్రమాలలో మూడు జట్లు రెండేసి విజయాలతో నిలుస్తాయి. ఒకటి రెండవదానిని, రెండవది మూడవదానిని, మూడవది మొదటిదానిని గెలిచి ఉంటాయి కనుక ముఖాముఖి ఫలితం పనికిరాదు. ఒక గ్రూపులో ఇలా జరిగే అవకాశం ఎనిమిదింట ఒకటి. రెండు గ్రూపులలో కనీసం ఒకదానిలో జరిగే అవకాశం 64లో 15, అంటే దాదాపు నాలుగింట ఒకటి. ఇంత తరచుగా ఎదురయ్యే పరిస్థితికి ముందే నియమం రాసుకోకపోవడం నిర్లక్ష్యమే అవుతుంది.

2012 లండన్ ఒలింపిక్స్ మహిళల డబుల్స్ బ్యాడ్మింటన్‌లో హైదరాబాద్ క్రీడాకారిణి గుత్తా జ్వాల, అశ్వినీ పొన్నప్పల జోడీ సరిగ్గా ఈ స్థితిలో చిక్కుకుంది. ఆ గ్రూపులో భారత్, జపాన్, చైనీస్ తైపీ జోడీలు రెండేసి విజయాలతో సమానమయ్యాయి. చివరకు పాయింట్ల తేడా లెక్కలో ఒకే ఒక్క పాయింటు వెనుకబడి భారత జోడీ క్వార్టర్ ఫైనల్‌కు దూరమైంది. తైపీ చేతిలో జపాన్ జోడీ ఓటమిపై భారత బృందం ఫిర్యాదు చేసినా అది తిరస్కరణకు గురైంది. అదే పోటీలో, తరువాతి దశలో అనుకూలమైన ప్రత్యర్థి కోసం ఓడిపోవడానికి ప్రయత్నించారన్న కారణంతో చైనా, ఇండొనేషియాలకు చెందిన ఒక్కొక్క జోడీ, దక్షిణ కొరియాకు చెందిన రెండు జోడీలు బహిష్కరణకు గురయ్యాయి. క్రీడాకారుల నడవడి ఎంత ఆక్షేపణీయమైనా, ఓడడం లాభదాయకమయ్యే మార్గాన్ని పోటీరూపమే తెరిచి ఉంచిందన్నది గమనించవలసిన విషయం. ఆ తరువాత బ్యాడ్మింటన్ సమాఖ్య డబుల్స్‌లో గ్రూపు దశ ముగిశాక మళ్ళీ డ్రా తీసే పద్ధతిని తెచ్చింది.

ఫుట్‌బాల్‌లో దీనికి పూర్వోదాహరణ ఉంది. 1982 ప్రపంచకప్‌లో జూన్ 25న స్పెయిన్‌లోని హిహాన్‌లో పశ్చిమ జర్మనీ 1–0తో ఆస్ట్రియాను గెలిచింది. ముందురోజే తన చివరి ఆట ముగించుకున్న అల్జీరియా ఆ ఫలితంతో నిష్క్రమించింది. ఏ ఫలితం తమ ఇద్దరికీ చాలునో ఆడుతున్నవారికి ముందే తెలుసు. 1986 నుంచి గ్రూపులోని చివరి ఆటలను ఏకకాలంలో నిర్వహిస్తున్నారు. పై నమూనాలో ఒక గ్రూపు ఆటలు రెండు కోర్టులలో ఒకేసారి జరుగుతాయి కనుక ఆ రక్షణ అదనపు ఖర్చు లేకుండానే సమకూరుతుంది. రెండవ గ్రూపు ఒక గంట తరువాత ఆడుతుంది కాబట్టి, స్థాననిర్ణయంలో తమకు ఎదురుపడేదెవరో ఆ జట్లకు తెలిసే వీలుంది. అయితే తుదిపోరుకు దారి ప్రథమస్థానం ఒక్కటే కనుక, ఓడడం వల్ల కలిగే లాభం చాలావరకు తగ్గిపోతుంది.

సమాన విజయాలకు సూచించదగిన క్రమం ఇది: రెండు జట్లయితే ముఖాముఖి ఫలితం, మూడు జట్లయితే ఆ మూడింటి మధ్య జరిగిన ఆటలలోని సెట్ల తేడా, అదీ సమానమైతే అవే ఆటలలోని పాయింట్ల తేడా, చివరకు చీటీ. నాలుగవ జట్టును ఎంత చిత్తుగా ఓడించారన్నది లెక్కలోకి రాకపోవడం ఇందులోని కీలకాంశం. పాయింట్ల ఆశతో బలహీనమైన జట్టును చివరిదాకా తరిమి ఆడే అవసరం అప్పుడు ఉండదు.

8. ఆట లోపలి సర్దుబాట్లు:
సీనియర్ సాఫ్ట్‌బాల్ నియమాలలో కొన్నింటి వెనుక ఉన్న ఆలోచన మనకు ఉపయోగిస్తుంది. చివరి ఇన్నింగ్స్ మినహా ఒక ఇన్నింగ్స్‌లో ఒక జట్టు సాధారణంగా అయిదు పరుగులకు మించి చేయరాదు. దానివల్ల ఆట ఏకపక్షం కాదు, సమయమూ అదుపులో ఉంటుంది. మొదటి బేస్ వద్ద రెండు రంగుల జంట బేస్ అమరుస్తారు. పరుగెత్తే వ్యక్తి ఒకదానిని, బంతి అందుకునే వ్యక్తి మరొకదానిని తాకుతారు కనుక ఢీకొనే ప్రమాదం తగ్గుతుంది. కొట్టగలిగినా పరుగెత్తలేని ఆటగాడికి బదులు మరొకరు పరుగెత్తవచ్చు. ఒకప్పటి క్రికెట్‌లోని రన్నర్ సౌకర్యం వంటిదిది. వేర్వేరు శ్రేణుల జట్లు తలపడినప్పుడు బలహీనమైన జట్టుకు ముందుగానే కొన్ని పరుగులు ఇచ్చే ఏర్పాటూ ఉంది.

వాలీబాల్‌లో వీటికి సమానమైనవి కష్టం కాదు. ఎన్నిసార్లైనా ఆటగాళ్ళను మార్చుకొనే స్వేచ్ఛ, సెట్ల మధ్య నీళ్ళ విరామం, ఆట గంట దాటకుండా మూడవ సెట్టును 15 పాయింట్లకే పరిమితం చేయడం, వలకింద గీత దాటడాన్ని కఠినంగా నిషేధించడం వంటివి ముందే ప్రకటించవచ్చు. అన్ని జట్లకూ ఒకేవిధంగా వర్తించినంతకాలం ఇవి ఆట స్థాయిని తగ్గించవు. ఆడగలిగే సంవత్సరాల సంఖ్యను పెంచుతాయి.

జట్ల సంఖ్య ఏడుకు తగ్గితే ఒక గ్రూపులో నాలుగు, మరొకదానిలో మూడు జట్లుంటాయి. మూడు జట్ల గ్రూపులో ప్రతి రౌండుకూ ఒకరికి ఆట ఉండదు. ఖాళీగా ఉన్న జట్టుకు ఒక స్నేహపూర్వక ఆట కల్పిస్తే ఆటల సంఖ్య సమమవుతుంది. దాని ఫలితాన్ని పట్టికలో చేర్చకూడదు.

9. ముగింపు:
పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

• పెద్దవయసువారి పోటీలలో రూపాన్ని ఎంచుకొనేటప్పుడు రోజుకు రెండు ఆటల పరిమితిని మొదట నిర్ణయించి, మిగిలినవి దాని ప్రకారం అమర్చుకోవాలి.
• ఎనిమిది జట్లకు 16 ఆటల స్థాననిర్ణయ రూపం ప్రతి జట్టుకూ నాలుగు ఆటలను ఇస్తుంది. సెమీఫైనళ్ళు లేకపోవడం దాని పరిమితి. గ్రూపుల సమతూకం ద్వారా దాన్ని తగ్గించవచ్చు.
• ఒక కోర్టులో ఒక గ్రూపును నడిపితే వేళల సమానత గణితరీత్యా అసాధ్యం. ఒక గ్రూపు ఆటలను రెండు కోర్టులలో ఏకకాలంలో నడిపితే విశ్రాంతి, ఎండ, పారదర్శకత మూడూ మెరుగుపడతాయి.
• మూడు జట్లు సమానం కావడం అరుదు కాదు. దానికి సంబంధించిన నియమం చీటీలు తీయకముందే రాతపూర్వకంగా అన్ని జట్లకూ అందాలి. చీటీ తీసిన తరువాత రాసిన నియమం ఎంత మంచిదైనా ఎవరో ఒకరికి అనుకూలంగానే కనిపిస్తుంది.
• నూజివీడు మామిడి ప్రాంతంలో కోతకాలాన్ని విడిచి జనవరిలో పోటీ నిర్వహిస్తే రైతులకూ ప్రవేశం నిజమవుతుంది.

మండల స్థాయిలోను, కళాశాలల అధ్యాపక సంఘాలలోను ఇటువంటి పోటీలు నిర్వహించేవారు పట్టికతోపాటు ప్రతి జట్టు ఆటల సంఖ్యను, విరామాల నిడివిని, గాయాలను నమోదు చేసి భద్రపరచడం ఎంతో అవసరం. వ్యాయామవిద్య, గణితం, సామాజికశాస్త్రం, తెలుగు శాఖల పరిశోధకులు కలిసి పనిచేయగల విషయమిది. నాలుగైదేళ్ళ నమోదులు చేతికి వచ్చినప్పుడు, ఇక్కడ ప్రతిపాదించిన నమూనాను ఈ నేల అనుభవంతో సరిచూడడం సాధ్యమవుతుంది.